లెక్కలోంచి తీసేసిన చేప

2022 వేసవి. నారాయణగూడలోని ఓ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. ప్రాక్టికల్స్‌కు చేపల కోసం తరచూ రాంనగర్ మార్కెట్‌కు వెళ్లేదాన్ని. అక్కడ చేపలమ్మే యాదమ్మది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఆమె తమ్ముడు నర్సింహ ఆ ఊరి మత్స్యకారుల సంఘానికి పెద్ద. ఊరి చెరువు మూలనున్న తుంగ పీకించి, అడుగంతా బురద ఎత్తించి, వల తిప్పడానికి వీలుగా చదును చేయించాలనుకున్నాడు. చేపలకేమైనా నష్టమా, చూసి చెప్పమని నన్నడిగాడు.

రెండు రోజులు వలలు వేయించాను. ఆ మూల మాత్రమే దొరికినవి బొమ్మిడాయితో కలిపి నాలుగు రకాలు, ఒక్కోటి రెండు మూడుకు మించి లేవు. డైవర్సిటీ ఇండెక్స్ అని ఒకటుంది. ఎన్ని రకాలున్నాయో, ఏది ఎంతుందో కలిపి చూపే అంకె. ఆ నాలుగింటినీ తీసేసినా అది పెద్దగా కదల్లేదు. ఫర్వాలేదని నర్సింహకు రిపోర్టు పంపి, మార్కెట్లో యాదమ్మకూ చదివి వినిపించాను.

ఆమె చేప కోయడం ఆపింది. "మేడం, రెండే ఉన్నయని బొమ్మిడాయిని ఇడిసిపెట్టిన్రు. అది బురదల దూరి పురుగులు తింటది. అది పోతే గా పని ఎవలు జేస్తరు?"

చిక్కడపల్లిలో ఇంటికొచ్చి, ఈసారి ఏ చేప ఎక్కడ తిరుగుతుందో, ఏం తింటుందో గడులు గీసి రాశాను. వందలకొద్దీ ఉన్న మామూలు చేపలు రెండు మూడు గడుల్లోనే కిక్కిరిశాయి. ఆ నాలుగింటికీ తలా ఒక గడి. పక్కన ఇంకో పేరు లేదు.

మర్నాడే ఊరెళ్లి, నా రిపోర్టు తప్పని సంఘం ముందు ఒప్పుకున్నాను. అప్పటికే తవ్వే బండిని మాట్లాడుకున్న నర్సింహ ముఖం మాడ్చుకున్నాడు.

"మొన్న ఒకటి చెప్పిన్రు, ఇయ్యాల ఒకటి చెప్తున్నరు. మేమేది నమ్మాలె?"

గడుల కాగితం చేతికిచ్చాను. చేపల తిండి సంగతి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. కాగితం చేతులు మారుతుండగానే నా తప్పులు రెండు దిద్దారు. చివరికి ఆ మూల ముట్టుకోకుండా మిగతాది చదును చేద్దామన్నారు.

రెండేళ్లకు నర్సింహే ఫోన్ చేశాడు, తుంగకు అవతల కూడా బొమ్మిడాయి పిల్లలు పడుతున్నాయని. వెళ్లి చూశాను. నాలుగు రకాల్లో మూడు నిలబడ్డాయి. ఒకటి మాత్రం మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు ఏ సర్వేలోనైనా ఒకటో రెండో దొరికిన చేప దగ్గరే ముందు ఆగుతాను. ఎన్ని ఉన్నాయో అంకె చెబుతుంది. ఆ చేప లేకపోతే ఏ పని ఆగిపోతుందో మాత్రం, ఆ నీళ్లలో దిగి బతికినవాళ్లని అడగాల్సిందే.