దేవదానమన్న పాటలు, నేను వేసిన ఫాంటు

2025 నవంబర్. ఆదోని స్టేషన్ రోడ్డులో నా కంప్యూటర్ రిపేరు అంగడి. ఇరవై రెండేండ్లుగా అదే రోడ్డు, అదే పని. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల సిస్టంలు ఎక్కువ వస్తాయి, మూత విప్పితే ఫ్యాను చుట్టూ దూది. ఆ నెలలో మాత్రం మిల్లువాళ్లదీ ఇళ్లవాళ్లదీ ఒకటే గోడు. పాత విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావని తెరమీద హెచ్చరిక పడుతోంది, కొత్తది వేద్దామంటే పాత సిస్టంలు దాన్ని మోయలేవు. నేను అందరికీ లినక్స్ వేయించుకోమని చెప్తాంటి. అది కూడా విండోస్ మాదిరే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టం. ఉచితం. లోపలి రాతను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు కాబట్టి ఓపెన్ సోర్స్ అంటారు. పాత సిస్టంల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. ఉచితం అనేసరికి సగం మంది అనుమానంగా చూసేవాళ్లు, అది వేరే సంగతి.

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి రత్నమ్మక్క ఫోన్ చేసింది. ఆమె భర్త దేవదానమన్న ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో కాటా గుమాస్తాగా చేసి మానుకున్నాడు. వాళ్ల చర్చికి పాటలు రాసేది ఆయనే. పదహైదేండ్లలో అరవైకి పైగా పాటలు, అన్నీ తానే టైపు చేసి కంప్యూటర్‌లో దాచుకున్నాడు. ఆ కంప్యూటర్ అమ్మింది నేనే, సెకండ్ హ్యాండ్‌ది. కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి చచ్చుబడింది, మాట పూర్తిగా పడిపోయింది. రాయడమూ పోయింది. చదవడం ఒక్కటి మిగిలింది. అది కూడా ఎప్పుడైనా పోవచ్చని డాక్టర్ అప్పుడే ఒక మాట వేసి పెట్టినాడంట.

సాయంత్రమైతే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పాట తెరుస్తాడు. ఎడమ చేతి వేలు అక్షరాల కింద జరుపుతుంటే రత్నమ్మక్క పాడుతుంది. ఆమెకు చదువు రాదు, పత్తి చేన్లలో కూలికి పోయిన మనిషి. కానీ మొగుడి పాటలన్నీ నోటికొచ్చు. మాట పోయినాక ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటామంతీ అంతా ఆ గంటసేపే. సిస్టం తెరుచుకోవడానికి అరగంట పడుతుంటే ఆయన విసుక్కుంటున్నాడనీ, ఒకసారి వచ్చి చూసిపొమ్మనీ ఆమె అడిగింది.

బస్సెక్కి పోయినాను. నా పద్ధతి ప్రకారం ముందు బ్యాకప్ తీసినాను, అంటే ఆయన దాచుకున్న ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోవడం. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూపించినాను. అరనిమిషంలో తెరుచుకుంది. దేవదానమన్న మొహం విప్పారింది, నాకూ చెప్పలేనంత హుషారొచ్చింది. పాతది పూర్తిగా తుడిచేసి కొత్తది ఎక్కించినాను.

ఫాంట్ల సంగతి మరిచిపోయేంత పిచ్చోణ్ణి కాదు. ఫాంటంటే అక్షరాల రూపాలుండే ఫైలు. మా వైపు పాత టైపింగంతా ప్రెస్సుల్లో వాడే డీటీపీ ఫాంట్లతోనే నడిచింది, అవి లేకుంటే పాత ఫైళ్లలో తెలుగు కనపడదు. నా పెన్‌డ్రైవ్‌లో తెలుగు ఫాంట్ల మూట ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఎక్కించినాను. ఆయన ఫైళ్లు అడిగే ఫాంటు పేరూ, నా మూటలోని ఫాంటు పేరూ ఒకటే. ఒక పాట తెరిచినాను. తెర నిండా తెలుగు అక్షరాలు. మూసేసినాను. అరవై నాలుగు ఫైళ్లు ఉండాల, అరవై నాలుగూ ఉన్నాయి. నా లెక్కలో పని అయిపోయింది.

దేవదానమన్న మౌస్ అందుకుని రైట్ క్లిక్ కొట్టినాడు. వచ్చిన మెనూలో ఏదో వెతికినాడు. మళ్లా కొట్టినాడు, మళ్లా వెతికినాడు. నాకు నవ్వొచ్చింది. అంగడికొచ్చే మా గిరాకీలందరికీ ఉన్న అలవాటే అది. కంప్యూటర్ తెరవగానే నాలుగైదు సార్లు రిఫ్రెష్ కొట్టందే వాళ్లకు పని మొదలైనట్టు ఉండదు. అట్ల కొడితే సిస్టం జోరందుకుంటుందని ఎవడు చెప్పినాడో గాని, ఆదోని నుంచి కర్నూలు దాకా అందరూ కొడతారు. ఇందులో ఆ రిఫ్రెష్ లేదన్నా, అవసరమూ లేదు అని చెప్పినాను. ఆయన అయోమయంగా నా మొహం చూసినాడు. రెండు రోజులైతే అదే అలవాటవుతుందని ధైర్యం చెప్పి, రత్నమ్మక్క ఇచ్చిన టీ తాగి బస్సెక్కినాను.

నాలుగో రోజు ఆమె మళ్లా ఫోన్ చేసింది. సిస్టం చెడిపోయిందేమో అనుకున్నా.

“ఖాజా, ఆ కంప్యూటరు ఎత్తుకొనిపో నాయనా. ఇంక ఆయప్పకు దాంతో పనిలేదు” అన్నది.

నాకేమీ అర్థం కాలేదు. ఏమైందక్కా అని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. నేను వచ్చిపోయిన సాయంత్రమే ఆయన పాట తెరిచినాడంట. వేలు పెట్టినాడు, తీసినాడు. కండ్లు తుడుచుకున్నాడు, ఇంకో పాట తెరిచినాడు. అట్ల ఏడెనిమిది పాటలు తెరిచి, తల పట్టుకుని గొడగొడా ఏడ్చినాడంట. ఆ పొద్దు నుంచి గోడవైపు తిరిగి పండుకున్నవాడు లేవడం లేదు, అన్నం సరిగ్గా తినడం లేదు. పేపరు వస్తే ముట్టుకోలేదు. బైబిలు చేతికిస్తే కండ్లు మూసుకున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోతే బీపీ అదీ చూసి, ఏదో కాగితం ముందు పెట్టి చదవమని సైగ చేసినారు. అక్కడా కండ్లు తెరవలేదు. మళ్లా దెబ్బ తగిలి చదువు కూడా పోయిందేమో, కర్నూలుకు పోయి స్కాన్ తీయించండి అని రాసిచ్చినారంట.

మరి తెరమీద ఏమైనా తేడాగా ఉందా అక్కా అని అడిగినాను. “అచ్చరాలు బాగానే ఉండాయి కదప్పా, ఎప్పుడూ ఉండేటివే” అన్నది ఆమె.

పాపం, ఆ మనిషి గతి ఇట్లయిందే అని బాధపడినాను గాని, నా పనిలో ఏదో తప్పుందని నాకు తట్టలేదు. నిజం చెప్తున్నా. మరుసటి రోజు సిస్టం తెచ్చుకోవడానికే పోయినాను.

దేవదానమన్న మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. పలకరిస్తే ఇటు తిరగలేదు. వైర్లు పీకే ముందు ఫైళ్లు ఇంకోసారి కాపీ చేసుకుందామని సిస్టం ఆన్ చేసినాను. చెయ్యి ఊరికే ఉండక ఒక పాట తెరిచినాను. ఈసారి కూర్చుని చదివినాను. మొదటి చరణం చదివినాను. మళ్లా చదివినాను. చదవడానికి నోరు తిరగలేదు. అక్షరాలు తెలుగువే, తలకట్లు ఉన్నాయి, ఒత్తులు ఉన్నాయి, కొమ్ములు ఉన్నాయి. కానీ ఒక్క మాట కూడా మాట కాదు. మధ్యలో ఎక్కడో ‘ణ్గెటుప’ అని ఉంది. ఇంకో పాట తెరిచినా అదే వరస.

వైరస్సా అనుకున్నా, లినక్స్‌లో అట్లాంటిది నేను చూడలేదు. డిస్కు పోయిందా అంటే ఫైళ్లన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి. ఒక పక్క ఆయన వీపు, ఒక పక్క ఈ తెర. రెండింటికీ సంబంధం ఉందని మెల్లగా తలకెక్కింది. ఏమైందప్పా అని రత్నమ్మక్క అడుగుతాంది.

మా పనిలో ఒక దురలవాటుంది. గిరాకీ ముందు తెలీదు అనం. పని నేర్పిన ఉస్తాద్ మొదటి రోజే చెప్పినాడు, ఏమీ తోచకపోతే స్క్రూడ్రైవర్ తీసుకుని మూత విప్పు, అంతేగాని నోరు విప్పొద్దు అని. ఇరవై రెండేండ్లు అట్లనే నెట్టుకొచ్చినాను. ఆ రోజు కూడా చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికే పోయింది. కానీ మంచం మీద ఆ మనిషిని చూసినాక ఇంకేం నటిస్తాను? ఉన్నమాట గట్టిగానే అనేసినాను.

“దేవదానమన్నా, ఇదేందో నాకూ అర్థం కాలే. నాకూ సదవనీకి రావట్లే. ఇది తెలుగే గాదన్నా.”

ఆయన ఇటు తిరిగినాడు. నేను మొదటి లైను ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివి వినిపించినాను. దానికి అర్థం లేదు, పర్థం లేదు. వింటూ వింటూ ఆయన ఎడమ చెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. నేను తలుపు పక్కన పడి ఉన్న పేపర్లలో పైది తీసి ఆయన ఒళ్లో పెట్టినాను. ఇది చూడన్నా, దీన్ని నేను ముట్టలేదు అని చెప్పినాను.

పేపరు పట్టుకున్నాడు గాని చూడలేదు. చాలాసేపు దూలం వైపే చూసినాడు. అప్పుడు తెలిసింది నాకు, ఇన్ని రోజులు పేపరెందుకు ముట్టలేదో. చదవలేకపోతే ఆ సంగతి ఖాయమైపోతుందని భయం. ఆఖరికి తల వంచినాడు. వేలు హెడ్డింగు కింద పెట్టినాడు. వేలు కదిలింది. కింది లైనుకు పోయింది. పెదాలు ఆడినాయి. తల ఎత్తి తెర చూసినాడు, మళ్లా పేపరు, మళ్లా తెర. తర్వాత ఎడమ చేత్తో నా వీపు మీద ఒకటి చరిచినాడు చూడండి, రెండు రోజులు నొప్పి పోలేదు. దానికి నేను తగినవాణ్ణే.

రత్నమ్మక్క ఏమైంది, ఏమైంది అని ఇద్దరి మొహాలూ చూస్తోంది. ఆయనకేమీ కాలేదక్కా, నేనే ఆయన పాటలను చెడగొట్టినా అని చెప్పినాను. తిడుతుందనుకుంటే, చదువు పోలేదా అయితే అని మూడుసార్లు అడిగింది.

అసలు జరిగింది ఇదీ. ఇప్పుడు ఫోన్లలో వాడే తెలుగు యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా ఒకటే నంబరు. పాత డీటీపీ ఫాంట్లకు ఆ కట్టుబాటు లేదు. ఏ నంబరు కింద ఏ తలకట్టు, ఏ ఒత్తు ఉండాలో తయారు చేసినవాళ్ల ఇష్టం. వెర్షన్ మారితే ఆ వరస కూడా మారుతుంది. ఆయన వాడింది పాత వెర్షన్, నా మూటలోది తర్వాతది. పేరు మాత్రం ఒకటే. కాబట్టి అక్షరాలు తెలుగులోనే వచ్చినాయి గాని ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంది. అసలు తెలుగే కనపడకుండా పోయింటే నేను ఆ రోజే పట్టేసేవాణ్ణి. నేను తెరను చూసినాను గాని చదవలేదు. మా రిపేరువాళ్లం అందరం అంతే. చూస్తాం, చదవం.

ఆయన ఫాంటు నేను తుడిచేసిన విండోస్‌తోనే పోయింది, దాని కోసం రెండు రోజులు తిరిగినాను. ఆదోనిలో పెండ్లిపత్రికలు వేసే ప్రెస్సులన్నీ అడిగినా. ఎవరి దగ్గరా లేదు, అందరూ కొత్తదానికి మారినారు. ఆఖరికి ఒక ప్రెస్సు అటకమీద దుమ్ము పట్టిన సీడీలో దొరికింది. దాన్ని తెచ్చి ఎక్కించి, ఒక ప్రోగ్రాంతో అరవై నాలుగు పాటలనూ యూనికోడ్‌లోకి మార్చినాను. ఇక ఏ సిస్టంలో తెరిచినా, ఫోన్‌లో చూసినా అవి అట్లనే ఉంటాయి. ఈసారి ఆయన ముందే కూర్చుని ప్రతి పాటా చదివినాను. గొర్రెల కాపరి గురించి ఉంది, పత్తి చేను గురించి ఉంది, హగరి నది ఎండిపోయిన ఏడు గురించి కూడా ఒక పాట ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నా అని కుర్చీ ఆయనకిచ్చినాను.

ఆయన మొదటి పాట తెరిచినాడు. రత్నమ్మక్క ఎత్తుకుంది. వేలు ఒక లైను దాటింది, రెండో లైను దాటింది, మూడోదాని మధ్యలో ఆగిపోయింది. అక్కడే తెరమీద టకటకా కొట్టినాడు. ఆమె పాట ఆపి, ఏమంటాండాడప్పా అని నన్ను అడిగింది. వంగి చూసినాను. మార్చేటప్పుడు ఒక ఒత్తు బదులు ఇంకో ఒత్తు పడింది. నేను చదివినప్పుడు అది నా కండ్లకు ఆనలేదు.

“తప్పుండాదంటక్కా. నేను సూడంది ఆయన పట్టినాడు.”

అంతే, ఆమె ఉన్నచోటే కూలబడి కొంగు మొహానికి పెట్టుకుంది. ఆయన అదేమీ పట్టించుకోలేదు. ఆ ఒత్తు దిద్దేదాకా తెరమీద నుంచి వేలు తీయలేదు.

అప్పటి నుంచి ఎవరికి లినక్స్ వేసినా ఫైళ్లు లెక్కపెట్టి లేచి రావడం మానేసినాను. వాళ్లనే కూర్చోబెట్టి, వాళ్లు రాసుకున్నదే ఒకటి తెరిచి, నాలుగు లైన్లు గట్టిగా చదవమంటాను. కొందరు ఎగాదిగా చూస్తారు, కొందరు సిగ్గుపడతారు. ముసలివాళ్లయితే కండ్లజోడు కోసం తడుముకుంటారు. వాళ్లకు మాత్రం ముందే చెప్పేస్తాను. సదవనీకి రాకపోతే భయపడొద్దు పెద్దాయనా, తప్పు నీది గాదు, నాది.