ఆగిరిపల్లికి మే నెలలో హీటర్ వేసుకుని

మా పిన్ని సుగుణమ్మకు మర్నాడు ఉదయం ఎనిమిదికి విజయవాడలో కంటి శుక్లం ఆపరేషన్. షుగరు తగ్గక రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి దొరికిన తేదీ. ఆగిరిపల్లి అవతల మామిడితోటలో ఒక్కతే ఉండే ఆమెను తీసుకెళ్ళడానికి ఉంగుటూరులో పొద్దున ఎనిమిదింబావుకి నా పాత కారు తీశాను.

గన్నవరం దాటాక ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. ఏసీ ఆపి, ఇంజను వేడిని కొంతైనా లాగుతుందని హీటర్ పూర్తిగా తిప్పాను. బయట వడగాలి, లోపల పొయ్యి. ఆగిరిపల్లిలో మెకానిక్ ఆవిరి చూసి, దేన్నీ ముట్టుకోకుండానే తేల్చేశాడు.

"ఇంజను హెడ్డు పోయిందండీ. ఇంజను విప్పాలి. మూడ్రోజులు, పద్దెనిమిది వేలవుద్ది."

నాది ప్రైవేటు స్కూలు టీచరు జీతం. ఇంజను చల్లారాక రేడియేటర్లో నీళ్ళు పోసి, ఆగుతూ ఆగుతూ పదిన్నరకు పిన్ని ఇంటికి చేరాను.

"బస్సులో పోదాంలేవే," అంది పిన్ని.

"ఆపరేషనైన కంటితో తిరిగి రావడం, ఈ దుమ్ములోనా?" అని విసుక్కున్నాను.

పన్నెండుకు, అంతా చల్లబడ్డాకే రేడియేటర్ మూత తీశాను. వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. ఇంజనాయిల్ పుల్ల లాగి చూస్తే నల్లగా ఉంది. హెడ్డు పోయి ఆయిల్లో నీళ్ళు కలిస్తే చాలాసార్లు పాలలా తెల్లబడుతుంది. నీళ్ళు నింపి, కింద పేపర్లు పరిచి స్టార్టు చేశాను. చుక్క కారలేదు. ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యానూ తిరిగింది. కానీ ముల్లు పైకెక్కుతున్నా రేడియేటర్‌కి వెళ్ళే లావు పైపు చల్లగానే ఉంది. అంటే వేడి నీళ్ళు ఇంజన్లోంచి బయటికే రావడంలేదు. వేడెక్కగానే తెరుచుకుని వాటిని వదలాల్సిన చిన్న మూత, థర్మోస్టాట్, బిగుసుకుపోయుండాలి.

మళ్ళీ చల్లారడానికి గంటన్నర. రెండు బోల్టులు విప్పి దాన్ని తీసి, పిన్ని టీగిన్నెలో వేసి మరిగించాను. నీళ్ళు కుతకుతలాడాయి. అది కదల్లేదు.

"ఆ గిన్నెలో నేను టీ ఎట్లా కాచుకోవాలే?"

"కొత్తది కొనిపెడతాను, కాసేపు ఊరుకో పిన్నీ."

రెండూ నలభైకి నూజివీడు బస్సెక్కాను. నా చేతిలో ముక్క చూసి, పక్కసీటు పెద్దాయన కాయకోత గడ సర్దుకుంటూ అడిగాడు.

"బోరు మోటారుదా అమ్మా?"

"కారుదండీ."

"తీసి పారేసి నడపండి. మా ట్రాక్టరుకదే చేశాం."

నూజివీడులో స్పేర్‌పార్టుల కొట్టతను నన్ను కాక నా వెనకాల చూశాడు. "మీవారిని పంపండి మేడం, మోడల్ చెప్తారు."

"కారు నాదండీ. పాతది ఇదిగో, జత చూసివ్వండి."

రబ్బరు రింగుతో కలిపి నాలుగువందల యాభై. రేడియేటర్లో నీళ్ళతో పోసే పచ్చ కూలెంటు డబ్బా వేరు.

అయిదింటికి తిరిగొచ్చి కొత్తదాన్నీ మరిగే నీళ్ళలో వేశాను. నింపాదిగా నోరు తెరిచింది. గిన్నె మీదికి వంగిన పిన్ని, "నాకంతా మసగ్గా ఉందే, తెరిచిందా?" అని రెండుసార్లు అడిగింది. అప్పటిదాకా ఆమె మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది. చీకటి పడకముందే బిగించేశాను.

మర్నాడు ఆరింటికి బయల్దేరాం. ఆపరేషన్ సజావుగా అయింది. మధ్యాహ్నం తిరుగుదారిలో నున్న దగ్గర మామిడి లారీల వెనక ఇరవై నిమిషాలు కదలకుండా ఇరుక్కున్నాం.

"ఇంజను ఆపవే, వేడెక్కుద్ది," అంది పిన్ని, కంటి కట్టు సర్దుకుంటూ.

"ఎక్కనీ. అదే చూడాలి."

ఫ్యాను గిర్రున తిరిగి, తన పని ముగించుకుని, ఆగింది. నేను స్టీరింగ్ వదిలి చేతులు తుడుచుకున్నాను. రెండు రోజులు నూజివీడు తోటల మధ్యే తిరిగాను. ఈ ఏడు మామిడికాయ ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే చెప్పలేను.