కీ.శే. పడని శుభలేఖ

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఎవరైనా దయ్యాల సంగతి చెబితే, ముందు వైరింగు చూపించుకోండి, తర్వాత భయపడండి అని సలహా ఇచ్చేవాణ్ణి. ఆ సలహా తప్పని ఇప్పటికీ అనను. నా విషయంలో మాత్రం, చూడవలసినవన్నీ చూశాక కూడా జవాబు దొరకలేదు.

మాది కొల్లేటికోట. నేను తాడేపల్లిగూడెంలో ఇల్లు అద్దెకు తీసుకుని, ముందు గదిలో ప్రింటింగ్ పనులు చేస్తాను. రైస్ మిల్లుల బిల్లులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. అంతా నలుపే కాబట్టి మొదట్లో టోనర్ ప్రింటర్ ఒక్కటే ఉండేది.

మా తాత సుబ్బారాయుడికి నా చదువంటే గిట్టేది కాదు. చేపల చెరువుల్లో వల లాగి ఇంటిల్లిపాదినీ పోషించిన మనిషి. నాన్న పోయిన తర్వాత చెల్లెలి పెళ్లి మాట నేనెత్తితే, పదిమందిలో నా మీద విరుచుకుపడ్డాడు. “నా ఊపిరి ఉండగా ఈ ఇంట్లో పెద్దరికం నాదేరా. కాగితాలు నమిలేవాడివి, పెళ్లి పిలుపులు పిలవడానికి నువ్వెవడివిరా?” అన్నాడు. ఆ కోపంతోనే పోయాడు. చివరి రోజుల్లో నా చేతి నీళ్లు కూడా పుచ్చుకోలేదు. తలకొరివి మాత్రం నేనే పెట్టాను.

ఆ తర్వాత కొంతకాలానికి చెల్లెలికి సంబంధం కుదిరింది. మగపెళ్లివారికి పట్టింపులెక్కువ. అంతకుముందు ఒక సంబంధం శకునం పేరుతోనే తప్పిపోయింది కనుక, ఈసారి ఏ చిన్న మాటా రాకూడదని మా భయం.

శుభలేఖలు ఇంట్లోనే టోనర్‌తో వేస్తానన్నాను. అందుకు కారణం ఉంది. టోనర్ పొడి వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. తడి తగిలినా చెదరదు. ఇంకు అలా కాదు. కార్డు మూలలకు తడి పసుపు పెట్టేటప్పుడు చేయి జారితే అక్షరాలు అలికినట్టవుతాయి.

మా నాగరత్నం అత్తయ్య ఒప్పుకోలేదు. ఆమె తాత కూతురు. ఆయన గొంతే వచ్చింది.

“నల్లక్షరాల కార్డు పట్టుకుని ఏ గడప ఎక్కుతావురా? పెళ్లికి పిలుస్తున్నావా, పెద్దకర్మకా?”

“టోనర్ అయితే చెరగదు అత్తయ్యా.”

“అశుభమూ చెరగదు. ఇన్నేళ్లు చదివి నీకబ్బింది ఇదా!”

రంగుల టోనర్ ప్రింటర్ నా స్తోమతకు మించినది. ఏలూరు వెళ్లి ఇంక్ ట్యాంక్ ప్రింటర్ తెచ్చాను. అక్షరాలన్నీ కుంకుమరంగులో పెట్టాను. పోయినవారి పేర్ల ముందు కీ.శే. వేయడం ఆచారం కదా, తాత పేరు ముందు ఒకటి, అదే వరుసలో నాన్న పేరు ముందు ఒకటి వేశాను. అడుగున, పిలిచేవాడిగా నా పేరు.

మొదటి కార్డులో నాన్న పేరు ముందు కీ.శే. పడింది. తాత పేరు ముందు ఖాళీ.

ఇంకు ఎక్కడో గడ్డకట్టిందనుకున్నాను. కానీ అలా అయితే వరుస పొడవునా తెల్లగీత రావాలి. ఒక్క మాటను ఏరుకుని మింగదు. పరీక్ష పేజీ వేసి చూస్తే గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఫాంటు మార్చాను. వరుసను కిందికి జరిపాను. పేజీ మొత్తాన్ని ఫొటోగా మార్చి వేశాను. ఆ ఖాళీలో చెల్లెలి పేరు పెడితే చక్కగా పడింది. తిరిగి కీ.శే. పెడితే మళ్లీ ఖాళీ. కంప్యూటర్ తెర మీద మాత్రం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

అదే ఫైలును టోనర్ ప్రింటర్‌కు పంపాను. రెండు కీ.శే.లూ నల్లగా, నిక్షేపంగా పడ్డాయి.

పట్టపగలు, కిటికీ తెరిచి ఉంది. గదిలో తడి వల వాసన వేసింది. దాన్ని నేను సాక్ష్యంగా చెప్పడం లేదు. వేసిందని మాత్రం చెబుతున్నాను.

రెండు కార్డులూ చూసి అత్తయ్య భయపడలేదు. నా మీద మండిపడింది. “పోయాడని అచ్చు వేస్తే మా నాన్న ఊరుకుంటాడా? పైగా నీ పెత్తనం కింద!”

“అది ప్రింటర్ అత్తయ్యా. దానికి తాత ఎవరో తెలియదు.”

“నీకు మాత్రం తెలుసేంటిరా?”

నల్ల కార్డు పంచితే సంబంధమే తప్పిపోవచ్చు. ఎర్ర కార్డులో ఆ మాట పడదు. ముహూర్తం దగ్గరపడింది. చివరికి తాత పేరు ముందున్న కీ.శే.ను నా చేతులతో తీసేశాను. ఆ తర్వాత కార్డులన్నీ ఒక్క లోపం లేకుండా పడ్డాయి.

కొల్లేటికోటలో పంచుతుంటే “ఏవండీ, తాతగారు ఉన్నారేంటండీ ఇంకా?” అని వెటకారమాడారు. అచ్చుతప్పు అని చెప్పుకున్నాను. పెళ్లి జరిగింది. చెల్లెలు సుఖంగా ఉంది.

ఆమె ఈమధ్య జ్ఞాపకానికి ఒక శుభలేఖ కావాలంటే, నా బీరువాలో దాచిన కార్డు తీశాను. ఇంకు వెలిసి అక్షరాలు లేతబారాయి. తాత పేరు ముందు, నేను తీసేసినట్టే, ఏమీ లేదు.

కీ.శే. నా పేరు ముందు ఉంది.

కుంకుమరంగులో కాదు, నలుపులో. టోనర్ అచ్చులా మెరుస్తూ, వేలికి కొంచెం ఎత్తుగా తగులుతోంది. ఆ కార్డు టోనర్ ప్రింటర్ ముఖం చూడలేదు. ఫైలు తెరిచి చూశాను, అందులో నా పేరు ముందు ఏమీ లేదు. అత్తయ్య ఇంట్లో ఉన్న కార్డులోనూ లేదు. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించడం నా చదువుకు మర్యాద కాదు.

ఏదైనా తేలుతుందేమోనని వేలు తడిపి ఆ వరుస మీద రుద్దాను. నా పేరు చెదిరిపోయింది. దాని ముందున్న మాట చెదరలేదు.