పూచీ నేర్పిన నాటకం

రిటైరయ్యే ముందు ఏడాది నన్ను భిలాయిలో మా ప్లాంటు కన్వేయర్ విభాగానికి సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. భద్రతా వారోత్సవాలకు తెలుగు నాటకం వేయించడం కూడా ఆ సీటుకు అంటుకున్న పనే.

అందులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి వేషం సుధీర్‌ది. విజయనగరం వాళ్లే గాని, ఇక్కడే పుట్టి హిందీలో పెరిగిన కుర్ర ఇంజినీరు. "పూచీ" అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"ఏటి సార్ ఇది?"

"జిమ్మేదారీ."

"అంతేనా! హో గయా."

ఏం హో గయా, నా తలకాయ! నాటకంలో తల్లి "నా కొడుకు నీ పూచీ బాబూ" అని ఇన్‌ఛార్జికి అప్పగిస్తుంది. కాంట్రాక్టరు "సామాను పూచీ నాది, మనుషులది కాదు" అని తప్పుకుంటాడు. చివర ఇన్‌ఛార్జి "వీళ్ల పూచీ నాది" అనాలి. మనవాడు దాన్ని చరోదా రైల్వే యార్డు మైకులో చెప్పినట్టు చెప్పేవాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి తల్లి వేషం వేసే సత్యవతిగారే కలగజేసుకున్నారు. "అర్థం వదిలీ బాబూ. కొడుకుని అప్పగించినప్పుడు నా మొహం చూడు," అన్నారు. చూశాడు. ఆ రోజు హో గయా అనలేదు.

ప్రదర్శన సాయంత్రం హాలు నిండింది, ముఖ్య అతిథి కూర్చున్నారు, సుధీర్ లేడు. ఫోన్ చేస్తే ఇంకా కన్వేయర్ దగ్గరే ఉన్నాడు. వెల్డింగ్ పని సాగుతోందట. మరమ్మతుకు బెల్టు ఆపితే, ఎవరూ మళ్లీ నడపకుండా స్విచ్చికి తాళం వేసినవాడే, లోపలివాళ్లు బయటికొచ్చాక తీయాలి. అప్పటిదాకా తాళంచెవి అతని జేబు దాటకూడదు. ఆ రోజు తాళం వేసింది సుధీరే.

నాటక కార్యదర్శి నా ఫోన్ లాక్కుని అరిచాడు. "తాళంచెవి ఎవరికైనా ఇచ్చేసి రావయ్యా!"

స్పీకర్‌లో సుధీర్ గొంతు వినిపించింది. "అలగెలా అవుద్ది సార్? లోపల ఇద్దరున్నారు. వాళ్ల పూచీ నాది."

ఎంత బాగా అన్నాడో! ఆ ముక్క అలా అనమనే కదా ఇన్నాళ్లూ బతిమాలింది! ఒళ్లు మండిపోయింది. ఏం లాభం, ఆ తాళం రూలు నేర్పింది నేనే.

వేషం నేనే వేశాను. ఆఖరి డైలాగు నీరసంగా పలికాను, ముందు వరుసలో ఎవరో ఆవులించారు. వెల్డర్లిద్దరూ క్షేమంగా బయటికొచ్చారని తెర దించాక కబురొచ్చింది.

ఛార్జి అప్పగించేటప్పుడు నా తర్వాతి ఆఫీసరుకు రెండే చెప్పాను. కొత్తవాళ్లకు పూచీ అంటే ఏమిటో చెప్పకు, నాటకంలో వేషం ఇయ్యి. ముఖ్య వేషం మాత్రం ఆ రోజు డ్యూటీ లేనివాడికే ఇయ్యి.