గౌరి పొట్ట మీది కమిలిన మచ్చ

2022 వానాకాలం. బిలాస్‌పూర్‌లో నేను సర్జరీ డ్యూటీ డాక్టరుగా ఉన్న ఆసుపత్రి, క్యాజువాలిటీ గది. ఉన్నవాళ్లు: మంచం మీద గౌరి, ఇరవై ఆరేళ్లు, భర్త సూరిబాబు, రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు, గౌరి తల్లి పైడమ్మ (ముగ్గురూ తెలుగువాళ్లే), నర్సు, నేను. ఉన్నవి: మలేరియా అని తేల్చిన రక్తపరీక్ష రిపోర్టు, వేగంగా కొట్టుకుంటున్న నాడి, ఎడమ పక్కటెముకల కింద అరచేయంత కమిలిన మచ్చ.

స్కాన్‌లో స్ప్లీన్, అంటే ప్లీహం, చిట్లి చుట్టూ రక్తం చేరినట్టు కనిపించింది. మలేరియాలో ప్లీహం ఉబ్బుతుంది. అరుదుగా దెబ్బ తగలకుండానే చిట్లుతుంది. కానీ ఈ మచ్చ?

"ఇది ఎలా అయింది?" అని గౌరిని అడిగితే సూరిబాబు అందుకున్నాడు.

"జొరంలో బాత్రూంలో పడిపోనాది సార్."

"మీరు చూశారా?"

"నేను డ్యూటీలో ఉన్నాను. అలా సెప్పారు."

ఎవరు చెప్పారో చెప్పలేదు. పైడమ్మ కూతురి చీర కొంగు మచ్చ మీదికి లాగింది. భర్త కొట్టాడనే అనుకున్నాను. అదే నిజమైతే పోలీసులకు తెలపాలి, ఇంకెక్కడైనా దెబ్బలున్నాయేమో వెతకాలి. ఆయనను బయటికి పంపి మళ్లీ అడిగాను.

గౌరి నొప్పిలోనే నవ్వింది. "ఆయనా? నా మీద సెయ్యెత్తితే మా అమ్మ ఊరుకుంటాదేటి డాక్టర్‌గారూ?"

నమ్మలేదు. తల్లి పక్కనే నిలబడి ఉంది మరి.

మా సీనియర్ సర్జన్ స్కాన్ చూసి, "బీపీ నిలబడినంతసేపూ కోయొద్దు" అన్నారు. ప్లీహం తీసేస్తే ఇన్ఫెక్షన్ల భయం జీవితాంతం ఉంటుంది. కాబట్టి మలేరియా మందు, కదలకుండా పడక, రక్తం సిద్ధంగా ఉంచడం, నాడీ బీపీ పదేపదే చూడడం. బీపీ పడిపోతే మాత్రం వెంటనే ఆపరేషన్.

సూరిబాబు రక్తం తేవడానికి వెళ్లాడు. కాసేపటికి నర్సు పిలిచింది: నొప్పి పెరిగింది, నాడి వేగం పెరిగింది. వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. లోపల ఆముదం వాసన. పైడమ్మ రెండు పిడికిళ్లూ కూతురి పొట్ట మీద ఉన్నాయి.

"ఏం చేస్తున్నారమ్మా?"

"బల్ల కరగాల కదా బాబూ," అంది, తప్పేమిటన్నట్టు. ఉబ్బిన ప్లీహాన్ని వాళ్ల ఇళ్లలో బల్ల అంటారు. "ఇంటికాడ గట్టిగా నలిసినాను. సగమే కరిగినాది. పిల్ల వొద్దంటాది గానీ నొప్పి లేకుండా ఎలా కరుగుతాది?"

"మరి బాత్రూంలో పడిందన్నారు?"

"నలిసినానంటే మీ డాక్టర్లు తిడతారని నేనే సెప్పమన్నాను. అల్లుడికి కూడా అదే సెప్పినాను."

ఆమె చేతులు పట్టుకుని పక్కకు జరిపాను. "అది కరగలేదమ్మా, పగిలింది. ఇంకోసారి నొక్కితే పిల్ల దక్కదు."

ఆమె పిడికిళ్లు విప్పి తన అరచేతులు చూసుకుంది.

బీపీ కాస్త తగ్గింది. థియేటర్ సిద్ధం చేయించాం. సూరిబాబు తెచ్చిన రక్తం ఎక్కేకొద్దీ బీపీ మళ్లీ నిలబడింది. మరుసటి స్కాన్‌లో రక్తస్రావం పెరగలేదు.

అప్పటి నుంచి జ్వరంతో పొట్టనొప్పి వచ్చినవాళ్లను "ఎవరైనా కొట్టారా?" అని అడిగి ఆగను. "ఎవరైనా నలిచారా?" అని కూడా అడుగుతాను, అదీ తిట్టనని ముందే చెప్పి.

గౌరికి ఆపరేషన్ చేయలేదు. ఎక్కించిన రక్తం రెండు యూనిట్లు.