నొప్పి ఎవరిది, జవాబు ఎవరిది

ఈ ఉదయం నడకకు వెళ్తే, అలిపిరి మెట్ల మీద ఒకావిడ గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతోందట, వేళ్లకు ఇంకా పసుపు ఉంది. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి నాడి పట్టుకుని, "నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగింది.

"ఇప్పుడే. గ్యాసు. పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు," అన్నాడు భర్త.

"నొప్పి యాడికన్నా పాకతా ఉండాదా అమ్మా?"

"యాడికీ లేదు." మళ్లీ ఆయనే.

"అన్నా, నొప్పి నీకా, ఆమెకా? నోరు మూసుకోని ఆమెను చెప్పనీ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ మెల్లగా చెప్పింది: "నిన్నట్నించి ఉండాది. ఎడం చెయ్యి లాగతా ఉండాది. చెప్తే ఈయన మెట్లెక్కనియ్యడని చెప్పలేదు."

నేను నవ్వలేదు. పోయిన ఏడాది మా ఇంటికొచ్చిన అంబులెన్సు వాళ్లూ ఇవే అడిగారు. అన్నిటికీ నేనే జవాబు చెప్పాను. గ్యాసనే చెప్పాను. నా భార్య రెండుసార్లు చెయ్యెత్తింది. "నువ్వు మాట్లాడొద్దు, ఆయాసపడతావు," అన్నాను. నా మాట విన్నది. మళ్లీ మాట్లాడలేదు.

మీ ఇంట్లో ఆవిడను అడిగితే జవాబు ఎవరు చెబుతారు? చదువుకున్నవాళ్లు కూడా చెప్పండి. నాది ఎమ్మెస్సీ.