సర్కారువారికే అనుమానం వచ్చింది!

నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగి సాధించుకున్న పనిని నాలుగు నిమిషాల్లో ఎలా ఆపించాలో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నన్ను పిలవండి. ఫీజు కూడా వద్దు. పోయిన వారమే ప్రాక్టికల్ చేసొచ్చాను.

ఢిల్లీ సాకేత్‌లో మాల్స్ వెనక మా కాలనీ. నేనుండేది పీజీలో. ఒక గది, ముగ్గురు అమ్మాయిలు, రెండు కుర్చీలు. నేనేమో ఏదైనా సొంతంగా నేర్చుకునే రకం. కోడింగ్ యూట్యూబ్‌లో నేర్చుకున్నా, హిందీ మెట్రో బోర్డులు చదివి నేర్చుకున్నా. కానీ కూర్చుని చదువుకోవడానికి చోటేదీ? రూమ్మేట్ ఫోన్లో బాయ్‌ఫ్రెండ్‌తో పోట్లాటకి దిగితే నేను ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదకి పోవాలి. వాళ్లు రోజూ పోట్లాడతారు.

పార్కు మూలన పాత పంపు గదొకటి ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది. దాన్ని రీడింగ్ రూమ్ చేస్తే? వెళ్లి కాలనీ సంఘం సెక్రటరీ భరద్వాజ్ అంకుల్‌ని అడిగాను.

"అచ్ఛా ఐడియా బేటీ! వార్డులో ఇలాంటి పనులకి కౌన్సిలర్ దగ్గర ఏటా కొంత ఫండ్ ఉంటుంది. జనం సంతకాలతో అడిగితే ఆయన రాసిస్తాడు. ఇంజినీర్ మేడమ్ వచ్చి కొలతలు తీసుకుంటుంది. పై ఆఫీసు ఒప్పుకుంటే పని మొదలు. కానీ మార్చి దాటిందా, ఫండ్ వెనక్కి! మళ్లీ ఏడాది మనకంటే ముందు ఎవరో వచ్చి ఓపెన్ జిమ్ కావాలంటారు."

అంతే, ఇంటింటికీ తిరిగాను. ఒక ఆంటీ అయితే నేను వైఫై కనెక్షన్ అమ్మడానికి వచ్చాననుకుని పది నిమిషాలు బేరమాడి, చివరికి జాలిపడి సంతకం పెట్టింది. కౌన్సిలర్ రాసిచ్చాడు. ఇంజినీర్ మేడమ్ టేపు పట్టుకుని వచ్చింది. మార్చి మొదట్లో పంపు గది ముందు బోర్డు కూడా పాతేశారు!

సెల్ఫీ కోసం పరిగెత్తాను. హిందీ బోర్డు. కూడబలుక్కుంటూ చదివాను. 'కార్య కా నామ్: రీడింగ్ రూమ్.' కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. కింద లైను: 'అనుమానిత లాగత్', దాని పక్కన పెద్ద అంకె.

లాగత్ అంటే ఖర్చు. అది నాకు తెలుసు. మరి ఈ అనుమానిత ఏంటి? మన టీవీల్లో 'అనుమానిత ఉగ్రవాది' అంటారు చూడండి... వామ్మో! అంటే నా రీడింగ్ రూమ్ ఖర్చు మీద సర్కారుకే అనుమానం! పైగా ఆ ముక్క బోర్డు మీద రాసి మరీ పెట్టారు! ఎంత ధైర్యం!

ఎవరినైనా ఒక్క మాట అడగొచ్చు కదా అంటారా? అడిగితే నేను నేనెందుకవుతాను? అక్కడే నిలబడి ఫోన్ తీసి, ఫిర్యాదుల పోర్టల్లో ఇంగ్లిష్‌లో దంచేశాను. ఈ పనిలో ఖర్చు అనుమానాస్పదం, ఆ సంగతి డిపార్ట్‌మెంటే లిఖితపూర్వకంగా ఒప్పుకుంది, ఇదిగో ఫోటో అని. సబ్మిట్ కొట్టి, దేశానికి ఏదో చేశానన్న ఫీలింగ్‌తో గోల్‌గప్పా తిన్నాను.

మూడో రోజు భరద్వాజ్ అంకుల్ ఫోన్.

"బేటీ, కొంప మునిగింది! ఎవడో పాగల్ కంప్లైంట్ పెట్టాడట. విచారణ అయ్యేదాకా ఫైలు కదలదట. ఇంక మార్చిలో పని మొదలైనట్టే! ఆ పాగల్ గనక నా చేతికి దొరికితే..."

"అంకుల్... అది నేనే."

 "చెప్పులేసుకుని కిందకి రా" అన్నారు.

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. ఇంజినీర్ మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, "దేని మీద శక్ మీకు?" అంది.

"నాకు కాదు మేడమ్, మీకే! మీరే రాశారుగా, ఇదిగో!" ఫోటో పెద్దది చేసి చూపించాను.

ఆవిడ ఫోటో చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోటో చూసింది. "అనుమానిత అంటే ఎస్టిమేటెడ్. అందాజాగా ఇంత అవుతుందని."

అంచనా! హిందీలో అనుమాన్ అంటే అంచనా అటండీ!

"మా తెలుగులో అనుమానం అంటే శక్, మేడమ్..." అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా. వెనక క్లర్క్‌కి చాయ్ పొలమారింది.

"ఢిల్లీలో ప్రతి రోడ్డు బోర్డు మీదా, ప్రతి నాలా బోర్డు మీదా ఇదే రాస్తాం. మీ లెక్కన అన్నీ ఆపేయాలా?" అని మేడమ్ ఒక తెల్లకాగితం నా ముందుకి తోసింది. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని హిందీలో రాసివ్వండి. ఫైలు ఇవాళే పంపిస్తా."

"నేను రాస్తాలే బేటీ" అన్నారు అంకుల్.

"వద్దంకుల్. తప్పు నాది. రాసేది నేనే."

ఎంతో వినయంగా రాశాను. నా వల్ల ఆలస్యమైంది కాబట్టి, 'మేడమ్, ఆప్‌కే కామ్ మే ఆలస్య్ హై, క్షమా కీజియే' అని.

మేడమ్ ముఖం ఎర్రబడింది. "అంటే ఇప్పుడు నేను బద్ధకస్తురాలినా?"

హిందీలో ఆలస్య్ అంటే బద్ధకం అట! మీ పనిలో బద్ధకం ఉందని రాసిచ్చానన్నమాట! ఈ భాషలో ఒక్క మాటైనా మన మాట వింటుందా అసలు? అంకుల్ రెండు చేతులతో తల పట్టుకున్నారు.

మేడమ్ నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. "మీరింకేమీ రాయకండి, ప్లీజ్. కింద సంతకం పెట్టండి చాలు. అది కూడా ఇంగ్లిష్‌లో!" మిగతాదంతా తనే గబగబా రాసి, స్టాంపు కొట్టి, ఒక కాపీ నా చేతిలో పెట్టింది. ఫైలు కదిలింది. సోమవారమే పంపు గది తాళం బద్దలుకొట్టారు, పని మొదలైంది!

బయటికొచ్చాక ఆ కాపీ చదివాను. 'ఫిర్యాదు వాపసుకు కారణం' అన్న గడిలో మేడమ్ రాసింది మూడే మాటలు: 'శికాయత్‌కర్తా తెలుగు భాషీ.' ఫిర్యాదుదారు తెలుగువారు. అంతే! ఇంక వేరే కారణం ఎవరూ అడగలేదు కూడా!

కాబట్టి రేపు మీలో ఎవరైనా ఢిల్లీలో ఏదైనా నిజమైన ఫిర్యాదు పట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్తే, మీకు దణ్ణం పెడతాను, తమిళవాళ్లమని చెప్పండి.